హోటల్ గదిలోని ఇనప్పెట్టెను ఇంగ్లీషులో ఏమనాలి: లాకరా, సేఫా?

ప్రశ్న: లీలామహల్ సెంటర్, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మాకు 36 గదుల చిన్న హోటల్ ఉన్నది. మా నాన్నగారి కాలంలో అది లాడ్జి. గదికొక మంచం, గోడలో ఒక అలమర, ఆ అలమరకు దిగినవారే తమ సొంత తాళం వేసుకోవడం, అంతే. ఈ మధ్య గదులన్నీ బాగుచేయించి, ప్రతి గదిలోనూ బట్టల బీరువా లోపల, అంకెల మీటలున్న చిన్న ఇనుప పెట్టెనొకదాన్ని గోడకు బోల్టులతో బిగించాము. దర్శనానికి కొండకు వెళ్లేవారు నగలు, పాస్‌పోర్టులు, ఫోన్లు అందులో పెట్టి నిశ్చింతగా వెళ్లవచ్చునన్నది మా ఉద్దేశం. ఇది కాక, రిసెప్షన్ వెనుక గదిలో మొదటినుంచీ పెద్ద ఇనప్పెట్టె ఒకటి ఉన్నది. ఎవరైనా అడిగితే నగలను కవరులో పెట్టించి, సీలు వేసి, రసీదు ఇచ్చి అందులో దాచుతాము.

చిక్కల్లా ఇంగ్లీషు మాట దగ్గర వచ్చింది. గదిలో పెట్టే కార్డుకూ, తలుపు వెనుక అంటించే నోటీసుకూ, వెబ్‌సైట్‌కూ పాఠం రాయవలసి వచ్చి, నేను ‘సేఫ్టీ లాకర్’ అని రాసి ఇచ్చాను. ప్రెస్సులో డీటీపీ చేసే అబ్బాయి ‘డిజిటల్ లాకర్’ అంటే కొత్తగా ఉంటుందన్నాడు. సెలవులకు లండన్ నుంచి వచ్చిన మా మేనకోడలు ప్రూఫు చూసి, “మామయ్యా, లాకరంటే మా దగ్గర ఈతకొలనులో బట్టలు పెట్టుకునే రేకు అర. దీన్ని సేఫ్ అంటారు” అని నవ్వింది. మా బావగారు మాత్రం బుకింగ్ సైట్లలో ‘సేఫ్ డిపాజిట్ బాక్స్’ అని చూశాననీ, అదే గౌరవంగా ఉంటుందనీ అంటున్నారు. మా దగ్గర దిగేవారిలో తమిళులు, కన్నడిగులు, ఉత్తరాదివారు ఎక్కువ. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అప్పుడప్పుడు విదేశీయులు కూడా వస్తారు. వీరందరికీ ఒకే కార్డు. ప్రూఫు శుక్రవారంలోగా తిరిగి ఇవ్వాలి. ఏ మాట వాడమంటారు?

సమాధానం 1: చిత్తూరు అయ్యవారు

మీ మేనకోడలు చెప్పినది నిజమే. అయితే మీరు రాసినది తప్పని దానికి అర్థం కాదు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడిగా కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ గదిలో బిగించిన వస్తువును బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా ‘సేఫ్’ అనే అంటారు. ఇది విశేషణం కాదు, నామవాచకం; బహువచనం ‘సేఫ్స్’. ‘నైఫ్’ అన్నది ‘నైవ్స్’ అయినట్టు ఇది ‘సేవ్స్’ కాదు. విచిత్రమేమిటంటే, ఈ మాట పుట్టినప్పుడు ‘సేవ్’గానే, అంటే కాపాడడమన్న క్రియనుంచే పుట్టి, తరువాత విశేషణం ప్రభావంతో ‘సేఫ్’గా మారింది. తొలినాళ్లలో డబ్బుకూ నగలకూ మాత్రమే పరిమితమైన మాట కూడా కాదు, తినుబండారాలు దాచే పెట్టెను కూడా ఇదే మాటతో పిలిచేవారు. పాతకాలపు ఇళ్లలో పాలూ పెరుగూ పిల్లి పాలు కాకుండా పెట్టుకునే జాలీ బీరువాను మా అమ్మమ్మ ‘మీట్‌సేఫ్’ అనేది. ఆ ఇంట్లో మాంసం వండిన రోజు లేదు, ఇంగ్లీషు వచ్చిన మనిషీ లేడు, మాట మాత్రం ఉండేది!

‘లాకర్’ సంగతి వేరు. ఆ మాట వినగానే బ్రిటిష్ వారికైనా అమెరికా వారికైనా మనసులో మెదిలేది వరుసగా ఉన్న అరలలో ఒక అర. బడిలో, వ్యాయామశాలలో, ఈతకొలనులో, రైల్వే స్టేషన్‌లో, ఒకే గదిలో పదిమంది పడుకునే హాస్టళ్లలో, పది మందికీ పది అరలుంటే అందులో ఒకటి కాసేపటికి మనది అవుతుంది. ఓడలలో నావికులు సామాను పెట్టుకునే పెట్టెలకూ ఇదే పేరు. సముద్రంలో మునిగి చనిపోయినవాడు ‘డేవీ జోన్స్ లాకర్’కు చేరాడని వారు చెప్పుకోవడం అక్కడినుంచే వచ్చింది. ఈ అర్థంలో చక్కగా సరిపోయే ఉదాహరణ మన కొండమీదే ఉన్నది. గది దొరకనివారికి, గది అక్కరలేనివారికి తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాలలో దేవస్థానం ఉచితంగా ఇచ్చే అరలను లాకర్లు అంటున్నాము గదా, లండన్ మనిషి వచ్చి చూసినా వాటిని లాకర్లనే అంటాడు. మీ గదిలోని పెట్టె అలాంటిది కాదు. ఒక గదికి ఒకటే, గోడకు బిగించి ఉన్నది, విలువైన వస్తువులకే ఉద్దేశించినది.

‘సేఫ్టీ లాకర్’ను మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అనగానే దెబ్బ తగలకుండా, ప్రమాదం జరగకుండా చూసుకోవడమన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. సేఫ్టీ పిన్ను, సేఫ్టీ బెల్టు అన్నీ ఆ కోవలోనివే. దొంగతనం నుంచి కాపాడుకోవడానికి వారు వాడే మాట ‘సెక్యూరిటీ’. పరాయి దేశపు మనిషి మీ కార్డు చదివి, అందులో నిప్పు ఆర్పే సామగ్రి ఉందేమోనని తెరచి చూసినా ఆశ్చర్యం లేదు. ‘సేఫ్టీ డిపాజిట్ బాక్స్’ అని వాడుకలో స్థిరపడిపోయిన మాట ఒకటి ఉన్న మాట నిజమే గాని, అది పలుకుబడి వల్ల నిలిచిన మినహాయింపు, దానిని చూసి కొత్త జంటలు కట్టడం సరికాదు.

‘డిజిటల్ లాకర్’ అయితే ఇంకా చిక్కు. 2015లో కేంద్ర ప్రభుత్వం డిజిలాకర్ తెచ్చినప్పటినుంచి ఆ మాటకు మన దేశంలో పత్రాలు దాచుకునే ఫోన్ యాప్ అనే అర్థం గట్టిపడింది. ఆధార్ కార్డు చూపమని రిసెప్షన్‌లో అడిగిన మరుక్షణమే అదే మాట గదిలోని పెట్టెకు కనబడితే అతిథి ఏమనుకోవాలి?

మిగిలిన మాటలు క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ‘వాల్ట్’ అంటే పెట్టె కాదు, మందపు గోడలతో కట్టిన గది, బ్యాంకులకు ఉంటుంది. ‘స్ట్రాంగ్ రూమ్’ కూడా గదే. ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలకు కాపలా కాసే చోటుగా మనకు బాగా తెలిసిన మాట. ‘స్ట్రాంగ్ బాక్స్’ పెట్టెయే గాని కొంచెం పాతబడినది, చేతితో మోసుకుపోగల పెట్టెకు కూడా చెల్లుతుంది. ‘క్యాష్ బాక్స్’ అంటే మన గల్లాపెట్టె. వీటిలో ఏదీ మీకు పనికిరాదు.

సమాధానం 2: ఫ్రంట్ ఆఫీసు, రేణిగుంట రోడ్డు

అయ్యవారు చెప్పినదంతా సబబుగా ఉన్నది. నేను గల్ఫ్ హోటళ్లలో 11 ఏళ్లు ఫ్రంట్ ఆఫీసులో పనిచేసి తిరిగి వచ్చినవాడిని కనుక వృత్తిలో నడిచే మాటలు చెబుతాను.

గదిలో ఉన్నదానికి ‘ఇన్-రూమ్ సేఫ్’ అనీ, మాటల్లో అయితే ‘రూమ్ సేఫ్’ అనీ అంటారు. ‘సేఫ్ డిపాజిట్ బాక్స్’ అన్నది రిసెప్షన్ పక్కన ఉండే సౌకర్యం. అక్కడ గోడనిండా చిన్న చిన్న సొరుగులుంటాయి, ఒక్కొక్క సొరుగుకు రెండు తాళంచెవులు. ఒకటి అతిథి దగ్గర, ఒకటి హోటల్ దగ్గర, రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ అతిథి సంతకం చేయాలి. మీ బావగారు బుకింగ్ సైటులో చూసిన మాట అదే. కొన్ని సైట్లలో గదిలోని పెట్టెకు కూడా ఆ మాటే వాడుతున్నారు, అది వారి అలసత్వం. మీ దగ్గర ఆ సొరుగులు లేవు. సీలు వేసిన కవర్లన్నీ ఒకే పెద్ద పెట్టెలో పెడుతున్నారు. కనుక ‘సేఫ్ డిపాజిట్ బాక్స్’ అని రాస్తే, రెండు తాళంచెవుల పద్ధతికి అలవాటుపడిన అతిథి తన తాళంచెవి ఏదని కౌంటరు దగ్గర అడుగుతాడు, మీ కుర్రవాడు తెల్లమొహం వేస్తాడు. ఆ సౌకర్యానికి వేరే పేరే అక్కరలేదు, ‘విలువైన వస్తువులను రిసెప్షన్‌లో రసీదుపై అప్పగించవచ్చు’ అని వాక్యంగా రాస్తే చాలు.

మాట తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక హోటల్ గది కార్డులో ‘లాకర్’ అని అచ్చయింది. ఒక ఐరోపా దంపతులు అది చదివి, లాకర్లు ఏ అంతస్తులో ఉన్నాయని ఫోన్ చేస్తే, కొత్తగా చేరిన కుర్రవాడు ఈతకొలను దగ్గరికి దారి చెప్పాడు. పాపం ఆవిడ నగల సంచీ చేతపట్టుకుని తడి నేలమీద నిలబడి మళ్లీ ఫోన్ చేసింది. పెట్టె మాత్రం వారి గదిలోనే, దుప్పట్ల కింద అరలో ఉన్నది.

ఇంకొక మాట. అంకెలను ‘పాస్‌వర్డ్’ అనకండి, ‘కోడ్’ అనండి. పాస్‌వర్డ్ అంటే వైఫైది అనుకుంటారు.

సమాధానం 3: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

పై ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. వారి వాదన అంతా లండన్ మనిషి ఏమనుకుంటాడన్న దానిమీద నడిచింది. ప్రశ్న అడిగినవారి గదులలో వందకు తొంభైమంది సేలం, బళ్లారి, షోలాపూర్ ప్రాంతాలనుంచి వచ్చేవారు కావచ్చు. వారికి ‘లాకర్’ అంటే ఒక్క క్షణం ఆలోచించనక్కరలేదు. ఇది గ్రామ్యం కూడా కాదు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో జారీ చేసి 2022 జనవరి 1నుంచి అమలులోకి తెచ్చిన మార్గదర్శకాలలోనే ‘సేఫ్ డిపాజిట్ లాకర్’ అని ఉన్నది. ఇతర దేశాలలో ‘బాక్స్’ అనేదానిని మన దేశపు ఇంగ్లీషు ‘లాకర్’ అంటున్నది, మన రిజర్వు బ్యాంకే దానికి ముద్ర వేసింది. అటువంటప్పుడు మన మాటను మనమే తప్పని దిద్దుకోవడం ఎందుకు?

అయినప్పటికీ, గదిలోని పెట్టెను లాకర్ అనవద్దనే నేనూ చెబుతాను. నా కారణం వేరు. మన దేశంలో లాకర్ అనగానే బ్యాంకు గుర్తుకు వస్తుంది, బ్యాంకుతోపాటు కొన్ని ఆశలూ వస్తాయి. నేను చెప్పిన ఆ మార్గదర్శకాల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం వంటివి బ్యాంకు లోపం వల్ల జరిగినా, బ్యాంకు ఉద్యోగులే మోసం చేసినా, లాకర్ వార్షిక అద్దెకు నూరు రెట్ల మొత్తానికి బ్యాంకు బాధ్యత వహించాలి. ఖాతాదారుడి తాళంచెవి లేకుండా మామూలుగా తెరవలేము. మీ గదిలోని పెట్టెకు అద్దె లేదు, రెండో తాళంచెవి లేదు; అతిథి కోడ్ మరచిపోతే మీ మేనేజరు తన మాస్టర్ కోడ్‌తో తెరవగలడు. అంటే అది అతిథికి మీరు కల్పించిన వసతియే గాని, మీరు స్వాధీనం చేసుకుని కాపాడుతున్న వస్తువు కాదు. రిసెప్షన్‌లో రసీదు ఇచ్చి పుచ్చుకున్నది మాత్రం అచ్చంగా మీ స్వాధీనంలో ఉన్నట్టే. 1872నాటి భారత ఒప్పందాల చట్టం దానిని ‘బెయిల్‌మెంట్’ అంటుంది, మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు దానిపై చూపాలని 151వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మీ హోటల్‌లో ఉన్న రెండు పెట్టెలకు రెండు వేర్వేరు మాటలుండడం భాష కోసం కాదు, వస్తువు ఎవరి చేతిలో ఉన్నదో అతిథికి తెలియడం కోసం. గదిలో ఉన్నది ‘సేఫ్’, రిసెప్షన్‌లో జరిగేది ‘డిపాజిట్’. ఈ రెండూ ఒకే వాక్యంలో కలవకుండా చూసుకోండి.

లీలామహల్ సెంటర్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అయితే ‘సేఫ్’ అనే నిశ్చయించుకున్నాను. మీరు చెప్పిన దానినిబట్టి నోటీసు ఇలా రాశాను: “కీప్ యువర్ వాల్యుబుల్స్ ఇన్ సేఫ్. మేనేజ్‌మెంట్ ఈజ్ నాట్ రెస్పాన్సిబుల్ ఫర్ ఎనీ లాస్.” అన్ని లాడ్జీలలోనూ రెండో వాక్యం ఇలాగే ఉంటుంది కనుక దానిని ఉంచాను. కార్డుకు తెలుగు వైపున ఏమి రాయాలో కూడా చెప్పగలరా? మా నాన్నగారు ‘ఇనప్పెట్టె’ అనే రాయమంటున్నారు, డీటీపీ అబ్బాయి అది పాతగా ఉందంటున్నాడు.

చిత్తూరు అయ్యవారు:

మొదటి వాక్యంలో ఒక్క చిన్న మాట పడిపోయింది, దానితో అర్థమే పోయింది. ‘ఇన్ ద సేఫ్’ అనాలి. మన భాషలో ఆర్టికల్స్ లేవు కనుక మన చేయి దానిని సహజంగానే వదిలేస్తుంది. ఇతరచోట్ల అది వ్యాకరణ దోషం మాత్రమే, ఎవరైనా సర్దుకుని చదువుకుంటారు. ఇక్కడ మాత్రం ‘సేఫ్’ విశేషణం కూడా అవడం వల్ల ‘ద’ ఒక్కటే అది వస్తువని చెప్పే ఆనవాలు. ‘ఇన్ ద సేఫ్’ అంటే పెట్టెలో పెట్టండి అని. ‘కీప్ యువర్ వాల్యుబుల్స్ సేఫ్’ అంటే వస్తువులు జాగ్రత్త అని ఒక హెచ్చరిక, పెట్టె ఊసే లేదు. మీరు రాసిన ‘ఇన్ సేఫ్’ ఈ రెంటికీ నడుమ వేలాడుతున్నది. ‘ఇన్ సేఫ్ కస్టడీ’ అన్నప్పుడు మాత్రం ‘ద’ అక్కరలేదు, ఎందుకంటే అక్కడ సేఫ్ మళ్లీ విశేషణమే. అసలు ‘కీప్’ బదులు ‘ప్లీజ్ యూజ్ ద సేఫ్ ఇన్ ద వార్డ్‌రోబ్’ అని మొదలుపెడితే పెట్టె ఎక్కడున్నదో కూడా చెప్పినట్టవుతుంది. ‘అల్మైరా’ అని రాయకండి. పోర్చుగీసువారి నుంచి మనకు దక్కిన ఆ మాట మన దేశం దాటితే చాలామందికి తెలియదు. అమెరికావారు ‘క్లాజెట్’ అంటారు గాని వార్డ్‌రోబ్ వారికీ అర్థమవుతుంది.

తెలుగు వైపు విషయంలో నా ఓటు మీ నాన్నగారికే. ‘భద్రతా పేటిక’ వంటివి కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయే మాటలు. ‘బొక్కసం’ మంచి మాట, శ్రీవారి నగలు భద్రపరిచే చోటికి ఆలయంలో నేటికీ అదే పేరు, కాని అంత పెద్ద మాటను మీ చిన్న పెట్టెకు తగిలించడం బాగుండదు. ‘ఇనప్పెట్టె’ అని రాసి పక్కన ‘సేఫ్’ అని తెలుగు లిపిలో ఉంచండి. పెద్దవారికి మొదటిదీ, చిన్నవారికి రెండోదీ తెలుస్తాయి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

రెండో వాక్యం గురించి. అందరూ రాస్తున్నారని మీరూ రాయవచ్చు గాని, అది మిమ్మల్ని కాపాడుతుందని నమ్మకండి. ఢిల్లీలో ఒక హోటల్‌లో వాలే పార్కింగ్‌కు, అంటే సిబ్బందే తీసుకువెళ్లి నిలిపే ఏర్పాటుకు ఇచ్చిన కారు చోరీ అయిన వ్యాజ్యంలో, కారు ‘యజమాని బాధ్యతపైనే’ అని చీటీమీద అచ్చువేసినంత మాత్రాన, తన స్వాధీనంలోకి తీసుకున్న వాహనం విషయంలో తన నిర్లక్ష్యానికి హోటల్ తప్పించుకోజాలదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది కారు సంగతే అయినా, రసీదు ఇచ్చి పుచ్చుకున్న నగలకు అదే తర్కం వర్తించదని ఎవరు వాదించగలరు? మీ మేనకోడలి దేశంలోనూ ఇదే తేడా ఉన్నది. అక్కడి 1956నాటి హోటల్ యజమానుల చట్టం, నిర్ణీత నోటీసు పెట్టిన హోటల్ బాధ్యతను వస్తువుకు 50 పౌండ్లకు, మొత్తం మీద 100 పౌండ్లకు పరిమితం చేస్తుంది. కాని అతిథి భద్రపరచమని అప్పగించిన వస్తువులకు ఆ పరిమితి లేదు. ఆ చట్టం మనకు వర్తించదు. ‘డిపాజిట్’ అన్న మాట ఎంత బరువైనదో చూపడానికే చెప్పాను.

కాబట్టి ‘మేనేజ్‌మెంట్ ఈజ్ నాట్ రెస్పాన్సిబుల్’ అన్న వాక్యాన్ని తీసివేసి, గదిలో పెట్టె వాడుకోకుండా బయట వదిలిన వస్తువుల బాధ్యత అతిథిదేననీ, ఎక్కువ విలువైనవి రిసెప్షన్‌లో రసీదుపై అప్పగించవచ్చుననీ రాయండి. రసీదులో మాత్రం ‘ఒక సీలు కవరు’ అనే ఉండాలి. లోపల ఏమున్నదో మీరు చూడనప్పుడు ‘బంగారు గొలుసు’ అని రాసి ఇవ్వకండి.

లీలామహల్ సెంటర్:

ఈ ఉదయం ప్రూఫు దిద్ది పంపాను. కార్డు ఇంగ్లీషు వైపు ఇలా ఉన్నది: “ప్లీజ్ యూజ్ ద సేఫ్ ఇన్ ద వార్డ్‌రోబ్ ఫర్ యువర్ వాల్యుబుల్స్. సెట్ యువర్ ఓన్ కోడ్. యూ మే ఆల్సో డిపాజిట్ వాల్యుబుల్స్ ఎట్ రిసెప్షన్ ఎగైనెస్ట్ ఎ రిసీట్.” తెలుగు వైపు ఇనప్పెట్టె వచ్చింది, నాన్నగారు సంతోషించారు. వెబ్‌సైట్‌లో సౌకర్యాల వరుసలో ‘ఇన్-రూమ్ సేఫ్’ అని పెట్టాను. ‘లాకర్’ అని వెతికే మన దేశపు వారి కోసం కింద చిన్న అక్షరాలలో ఆ మాట కూడా ఉంచవచ్చునా?

ఫ్రంట్ ఆఫీసు, రేణిగుంట రోడ్డు:

వెబ్‌సైట్‌లో ఉంచండి, తప్పులేదు. గదిలోని కార్డులో మాత్రం ఒకే వస్తువుకు రెండు పేర్లు వద్దు, రెండు పెట్టెలున్నాయనుకుని వెతుకుతారు. వెబ్‌సైట్‌లోనే పెట్టె లోపలి కొలతలు సెంటీమీటర్లలో ఇవ్వండి. లాప్‌టాప్ పడుతుందా లేదా అన్నది వారు బుకింగ్‌కు ముందే చూసుకుంటారు. ఇంకొకటి, గది ఖాళీ చేసేటప్పుడు పెట్టె తలుపు తెరిచి ఉంచమని కార్డు చివర ఒక వాక్యం చేర్చండి. మూసి వెళ్లిపోతే, తరువాత దిగినవారు మీకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు.